కష్టమైన తొమ్మిది హోల్స్: ఏ టీ, ఏ క్లబ్, ఎన్ని చుట్లు?

గోల్ఫ్‌లో పద్దెనిమిది హోల్స్ కోర్సులో మొదటి మూడు హోల్స్ పాడైనా ఇంకా పదిహేను మిగిలే ఉంటాయి. తొమ్మిది హోల్స్ కోర్సులో మొదటి మూడు పాడైతే ఆటలో మూడో వంతు పోయినట్టే. ఒళ్లు వేడెక్కి, చేయి కుదురుకుని, గ్రీన్ల (జెండా, గుంట ఉండే నున్నని గడ్డి చోటు) వేగం అర్థమయ్యేసరికి ఆరో హోల్ వచ్చేస్తుంది. అందుకే కంట్రీ క్లబ్‌లో కష్టమైన తొమ్మిది హోల్స్ ఆడబోయేవాళ్లు స్వింగ్ గురించి ఆలోచించే ముందు కొన్ని విషయాలు తేల్చుకోవాలని నా నమ్మకం. ఏ టీ (హోల్‌లో మొదటి బంతి కొట్టే చోటు) నుంచి ఆడాలి, ఒక చుట్టా రెండు చుట్లా, డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్, అంటే కర్ర) తీయాలా వద్దా, స్కోరు ఏ పద్ధతిలో రాసుకోవాలి అన్నవి మొదటి బంతి కొట్టకముందే తేలిపోవాలి. కోర్సులో నిలబడి తేల్చుకుందామంటే అక్కడ సమయం ఉండదు, మనసు కూడా స్థిమితంగా ఉండదు.

తొమ్మిది హోల్స్ అంటే చిన్నపిల్లల ఆట అనే భావన ఇంకా చాలామందిలో ఉంది. చరిత్ర చూస్తే అలా అనిపించదు. మొట్టమొదటి యూఎస్ ఓపెన్ 1895లో న్యూపోర్ట్ కంట్రీ క్లబ్‌లో తొమ్మిది హోల్స్ కోర్సు మీదే జరిగింది. ఒకే రోజున ఆ తొమ్మిదినీ నాలుగుసార్లు చుట్టి 36 హోల్స్ పూర్తిచేశారు. గెలిచింది అదే క్లబ్‌లో అసిస్టెంట్‌గా పనిచేస్తున్న 21 ఏళ్ల హొరేస్ రాలిన్స్. మొదటి రెండు చుట్లలో 91, తర్వాతి రెండు చుట్లలో 82, మొత్తం 173. స్కాట్లాండ్‌లోని మసెల్‌బరో అయితే తొమ్మిది హోల్స్‌తోనే 1874 నుంచి 1889 మధ్య ఆరుసార్లు ఓపెన్ ఛాంపియన్‌షిప్‌కు వేదికైంది. ఇంగ్లండ్‌లోని రాయల్ వర్లింగ్టన్ అండ్ న్యూమార్కెట్ ఇప్పటికీ తొమ్మిది హోల్స్ కోర్సే. దాన్ని గోల్ఫ్ తెలిసినవాళ్లెవరూ తేలిగ్గా తీసుకోరు. పిట్ట కొంచెం, కూత ఘనం.

కష్టం ఎంతో కార్డులోనే ఉంటుంది

స్కోర్ కార్డు చేతికి రాగానే అందరూ చూసేది మొత్తం పొడవు. నేను ముందు చూసేది స్లోప్ రేటింగ్, ఆ తర్వాత కోర్స్ రేటింగ్. కోర్స్ రేటింగ్ అంటే సున్నా హ్యాండిక్యాప్ ఆటగాడు (స్ట్రోక్‌ల రాయితీ అక్కర్లేని మంచి ఆటగాడు) మామూలు వాతావరణంలో ఎంత కొట్టవచ్చన్న అంచనా. స్లోప్ చెప్పేది వేరు. ఆ మంచి ఆటగాడితో పోలిస్తే మామూలు ఆటగాడికి ఆ కోర్సు ఎంత ఎక్కువ కష్టమో అది చెబుతుంది. స్లోప్ 55 నుంచి 155 వరకు ఉంటుంది, ప్రామాణికంగా తీసుకునేది 113.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మీ ముందు రెండు తొమ్మిది హోల్స్ కోర్సులున్నాయి, రెండిటికీ పార్ (మంచి ఆటగాడికి పట్టే స్ట్రోక్‌లు, అంటే దెబ్బలు) 36. మొదటిది 2,850 గజాలు, కోర్స్ రేటింగ్ 35.0, స్లోప్ 132. రెండోది 3,250 గజాలు, కోర్స్ రేటింగ్ 36.0, స్లోప్ 118. పొడవును బట్టి మొదటిదే సులువనిపిస్తుంది. ఇప్పుడు లెక్క వేద్దాం. తొమ్మిది హోల్స్‌కి మీ హ్యాండిక్యాప్ ఇండెక్స్‌లో (మీ ఆట స్థాయిని చెప్పే అంకె) సగం తీసుకుని, దాన్ని స్లోప్‌తో గుణించి 113తో భాగించాలి. ఆపైన కోర్స్ రేటింగ్‌కీ పార్‌కీ ఉన్న తేడా కలపాలి. ఇండెక్స్ 20 ఉన్న మనిషికి మొదటి కోర్సులో 11 స్ట్రోక్‌లు రాయితీగా వస్తాయి, రెండోదాంట్లో 10. అంటే పొట్టిగా ఉన్న కోర్సే అతన్ని ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. సున్నా హ్యాండిక్యాప్ ఆటగాడికి లెక్క తిరగబడుతుంది. అతనికి పొట్టి కోర్సే ఒక స్ట్రోక్ సులువు.

కారణం ఊహించలేనిదేమీ కాదు. పొట్టి కోర్సును కష్టంగా మలచాలంటే డిజైనర్ చేతిలో ఉండేవి నీళ్లు, చెట్లు, లోతైన బంకర్లు (ఇసుక గుంటలు), చిన్న గ్రీన్లు, వాటి వాలు. నిలకడగా కొట్టేవాడికి ఇవి పెద్దగా తగలవు. బంతి అటూ ఇటూ చెదిరేవాడికి ప్రతి హోల్‌లోనూ తగులుతాయి. కాబట్టి రెండు క్లబ్‌ల మధ్య ఎంచుకుంటున్నా, ఒకే క్లబ్‌లో రెండు టీల మధ్య ఎంచుకుంటున్నా, గజాల కంటే ముందు స్లోప్ చూడండి.

సభ్యత్వం తీసుకోవాలంటే

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇది: కష్టమైన తొమ్మిది హోల్స్ ఉన్న క్లబ్‌లో చేరాలా, సాదాసీదా పద్దెనిమిది హోల్స్ ఉన్న క్లబ్‌లోనా? వారంలో రెండు మూడుసార్లు, ప్రతిసారీ రెండేసి గంటలు మాత్రమే తీరిక దొరికేవాళ్లకి నేను తొమ్మిది హోల్సే చెబుతాను. పద్దెనిమిది హోల్స్ క్లబ్‌లో చేరి, నాలుగైదు గంటలు దొరక్క నెలకోసారి ఆడేవాళ్ల ఆట మెరుగుపడటం నేను చూడలేదు. తక్కువ హోల్స్‌నే తరచూ ఆడేవాళ్లది మాత్రం మెరుగుపడుతుంది. అయితే ఆ తొమ్మిది కష్టమైనవై ఉండాలి. తేలికైన తొమ్మిది ఆరు నెలల్లో విసుగు పుట్టిస్తుంది. కష్టమైనది ఏళ్ల తరబడి ఏదో ఒక ప్రశ్న వేస్తూనే ఉంటుంది.

చేరే ముందు మూడు విషయాలు అడిగి తెలుసుకోండి. రెండో చుట్టుకి వేరే టీలున్నాయా అన్నది మొదటిది. స్కాట్లాండ్‌లోని డర్నెస్‌లో గ్రీన్లు తొమ్మిదే అయినా రెండో చుట్టుకి టీలు వేరు. దాంతో ఒకే హోల్ రెండు రకాలుగా కనిపిస్తుంది. తొమ్మిది ముగించి మళ్లీ మొదలుపెట్టేవాళ్లు, కొత్తగా వచ్చినవాళ్లు మొదటి టీ దగ్గర కలిసినప్పుడు ముందు ఎవరికి అవకాశమిస్తారన్నది రెండోది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, దీనికి స్పష్టమైన పద్ధతి లేని క్లబ్‌లో సెలవురోజున రెండో చుట్టు కోసం అరగంట నిలబడాల్సి వస్తుంది. ఇక మూడోది, తొమ్మిది హోల్స్‌కి విడిగా రేటింగ్ ఉందా అన్నది. అది లేకపోతే మీ స్కోరు హ్యాండిక్యాప్‌లోకి ఎక్కదు.

హ్యాండిక్యాప్ మీద ఇంకో మాట. తొమ్మిది హోల్స్ ఆడితే లెక్కకు రాదేమోనన్న భయం ఇప్పుడు అక్కర్లేదు. 2020లో వచ్చిన వరల్డ్ హ్యాండిక్యాప్ సిస్టమ్ తొలి ఏళ్లలో ఒక తొమ్మిది హోల్స్ స్కోరు మరో తొమ్మిది జతయ్యేదాకా పక్కన ఉండేది. 2024 నుంచి అలా కాదు. మీరు ఆడిన తొమ్మిదికి, మీ స్థాయి ఆటగాడు మిగతా తొమ్మిదిలో కొట్టగల అంచనాను కలిపి వెంటనే లెక్కలోకి తీసుకుంటున్నారు. కొత్తగా హ్యాండిక్యాప్ తెచ్చుకోవడానికి 54 హోల్స్ కావాలి. వాటిని ఆరు తొమ్మిదులుగా పూర్తిచేసినా సరిపోతుంది.

ఏ టీ నుంచి?

నా లెక్కలో అన్నిటికంటే పెద్ద నిర్ణయం ఇదే. ఎక్కువమంది పొరపాటు చేసేదీ ఇక్కడే. పక్కవాళ్లు వెనక టీకి నడుస్తుంటే మనమూ వెనకే నడుస్తాం.

అమెరికాలో 2011లో మొదలైన ‘టీ ఇట్ ఫార్వర్డ్’ ప్రచారంలో డ్రైవ్ దూరాన్ని బట్టి కోర్సు పొడవు సూచించారు. దాన్ని తొమ్మిది హోల్స్‌కి సగం చేస్తే ఇలా వస్తుంది. డ్రైవ్ సగటున 250 గజాలు పోయేవాళ్లకి 3,100 నుంచి 3,200 గజాల కోర్సు, 225 పోయేవాళ్లకి 2,900 నుంచి 3,000, 200 పోయేవాళ్లకి 2,600 నుంచి 2,700, 175 పోయేవాళ్లకి 2,200 నుంచి 2,300. ఇక్కడ సగటు అన్న మాట ముఖ్యం. గాలి వెనక నుంచి వీచిన రోజు గట్టి నేల మీద దొర్లుకుంటూ పోయిన ఆ ఒక్క డ్రైవ్‌ని లెక్కలోకి తీసుకోకూడదు. పది డ్రైవ్‌లు కొడితే అందులో నాలుగో ఐదో స్థానంలో నిలిచేది మీ అసలు దూరం.

ఈ అంకెలతో తేలకపోతే నేను ఇంకో పరీక్ష పెట్టుకుంటాను. ఆ టీ నుంచి పార్ 4 హోల్స్‌లో రెండో షాట్‌కి చేతిలో ఏ క్లబ్ ఉంటోంది? తొమ్మిదిలో సగానికి పైగా హోల్స్‌లో హైబ్రిడ్డో ఫెయిర్‌వే వుడ్డో (దూరానికి వాడే క్లబ్‌లు) తీయాల్సి వస్తుంటే మీరు తప్పు టీలో ఉన్నట్టే. చిన్న గ్రీన్లు, ముందు బంకర్లు ఉన్న కోర్సును హైబ్రిడ్‌తో కొట్టే షాట్లకోసం ఎవరూ డిజైన్ చేయరు. అలా వచ్చే బంతి ఎత్తు తక్కువ, గ్రీన్ మీద పడ్డా ఆగదు. అదే హోల్‌ను ఎనిమిదో ఐరన్‌తో (బంతిని ఎత్తుగా లేపే, తక్కువ దూరం క్లబ్) ఆడినప్పుడే డిజైనర్ అక్కడ ఏమనుకున్నాడో అర్థమవుతుంది.

ముందు టీ అంటే అన్నిచోట్లా సులువని కాదు. మా కోర్సులో ఐదో హోల్ చూడండి. పార్ 4, వెనక టీ నుంచి 345 గజాలు, ముందు టీ నుంచి 310. ఎడమవైపు మొదటి నుంచి చివరిదాకా ఓబీ (కోర్సు హద్దు బయట). కుడివైపు ముందు చెట్లు, వెనక టీ నుంచి 220 గజాల దగ్గర చెరువు మొదలు. నా డ్రైవ్ 205 పోతుంది. వెనక టీ నుంచి కొడితే చెరువుకి 15 గజాల ముందే ఆగుతుంది, గ్రీన్‌కి 140 మిగులుతుంది. ముందు టీకి మారినప్పుడు అదే డ్రైవర్ తీశాను. అక్కడి నుంచి చెరువు 185 గజాలే. వరుసగా మూడు వారాలు నీళ్లలో వేశాను. హోల్ సులువవుతుందనుకుంటే కష్టమైంది. నాలుగో వారం హైబ్రిడ్ తీశాను. అది 175 పోయి చెరువుకి 10 గజాల ముందు ఆగింది, గ్రీన్‌కి 135 మిగిలింది. వెనక టీ నుంచి డ్రైవర్‌తో చేరిన చోటుకే ముందు టీ నుంచి హైబ్రిడ్‌తో చేరుకున్నానన్నమాట. ముందు టీ వల్ల నాకు దక్కిన లాభం 35 గజాలు దగ్గరవడం కాదు, డ్రైవర్ బదులు హైబ్రిడ్ పట్టుకునే వీలు. టీ మారిస్తే క్లబ్ కూడా మళ్లీ ఎంచుకోవాలని ఆ మూడు వారాల తర్వాత గానీ నాకు తెలిసిరాలేదు.

కొన్ని క్లబ్‌లు రెండు టీలను కలిపి, కొన్ని హోల్స్ వెనక నుంచి, కొన్ని ముందు నుంచి ఆడే మిశ్రమ టీలను కూడా కార్డులో చూపిస్తాయి. దానికి రేటింగ్ ఉంటే మధ్యస్థ ఆటగాళ్లకి నేను కళ్లు మూసుకుని అదే చెబుతాను. రేటింగ్ లేకుండా మీరే కలుపుకుని ఆడేది స్నేహితుల మధ్య ఆటకే పరిమితం చేసుకోండి. మిషిగన్‌లోని ది డ్యూన్స్ క్లబ్ అనే తొమ్మిది హోల్స్ కోర్సులో అసలు టీ గుర్తులే పెట్టరు, ఆటగాళ్లే ఎక్కడి నుంచి కొట్టాలో నిర్ణయించుకుంటారు. స్నేహితులతో ఒక్కసారైనా అలా ఆడి చూడండి, ఒక్కో హోల్‌లో ఎన్ని హోల్స్ దాగి ఉన్నాయో తెలుస్తుంది.

ఒక చుట్టా, రెండు చుట్లా?

స్కోరు కోసమైతే ఒకటి, నేర్చుకోవడానికైతే రెండు. నేను పాటించేది ఇదే.

కష్టమైన కోర్సు కాళ్లకంటే బుద్ధిని ఎక్కువ అలసగొడుతుంది. ప్రతి టీ మీద ఎటు తప్పినా ఫర్వాలేదో, ఎటు తప్పకూడదో ఆలోచించాల్సిందే. రెండో చుట్టులో ఆరేడు హోల్స్ దాటాక ఆ ఆలోచన ఆగిపోయి అలవాటుగా డ్రైవర్ బయటికొస్తుంది. పోటీ ఉన్నా, హ్యాండిక్యాప్ కోసం ఆడుతున్నా ఒక చుట్టు శ్రద్ధగా ఆడి ఆపేయండి.

కోర్సును అర్థం చేసుకోవాలంటే మాత్రం రెండో చుట్టుకి సాటి లేదు. రెండు గంటల క్రితం ఐదో హోల్‌లో బంతి ఎక్కడ పడిందో, గ్రీన్ మీద ఎటు వంగిందో ఇంకా మనసులో ఉంటుంది. జెండా కూడా మామూలుగా అక్కడే ఉంటుంది. పద్దెనిమిది హోల్స్ కోర్సులో ఒక తప్పును దిద్దుకోవడానికి మళ్లీ వారం ఆగాలి, ఇక్కడ రెండు గంటలు చాలు. మొదటి చుట్టులో ప్రతి హోల్ తర్వాత కార్డు అంచున ఒక్క మాట రాసుకోండి. ‘ఎడమ వద్దు’, ‘ఒక క్లబ్ ఎక్కువ’, ‘జెండా దాటితే కిందికి జారుతుంది’, అంతే. రెండో చుట్టులో ఆ మాట చదివాకే బ్యాగులో చెయ్యి పెట్టండి. రెండోసారి టీ మార్చి ఆడితే ఇంకా మంచిది.

ఒక చుట్టే ఆడేవాళ్లు వేడెక్కడానికి సమయం కేటాయించుకోవాలి. పావుగంటే ఉందనుకుంటే డ్రైవింగ్ రేంజా, ప్రాక్టీస్ గ్రీనా? నేను గ్రీన్‌కే ఓటు వేస్తాను. నడుం, భుజాలు వదులు చేసుకోవడానికి బంతులు అక్కర్లేదు, క్లబ్ చేతబట్టి ఊపితే చాలు. గ్రీన్ వేగం మాత్రం పట్ చేస్తే (బంతిని గ్రీన్ మీద దొర్లిస్తే) తప్ప తెలియదు. మూడు పట్‌ల హోల్స్ రెండు వచ్చాయంటే తొమ్మిది హోల్స్ స్కోరులో ఆ దెబ్బ బాగానే కనిపిస్తుంది.

డ్రైవర్ తీయాలా వద్దా

ఫెయిర్‌వే (టీకీ గ్రీన్‌కీ మధ్య పొట్టి గడ్డి దారి) ఇరుగ్గా ఉంది కాబట్టి డ్రైవర్ వద్దు అనే సలహా అందరి నోటా వింటాం. నేను దీంతో ఏకీభవించను. చూడాల్సింది ఫెయిర్‌వే వెడల్పు కాదు, ఫెయిర్‌వే తప్పితే ఏమవుతుందన్నది.

ప్రమాదాలన్నీ ఒక్కటి కావు. రఫ్‌లో (ఫెయిర్‌వే పక్కనున్న పొడుగు గడ్డి) పడితే పెనాల్టీ లేదు, తర్వాతి షాట్ కొంచెం కష్టమవుతుంది, అంతే. ఎర్ర గుర్తుల పెనాల్టీ ఏరియాలో (చెరువులాంటి చోటు) పడితే ఒక స్ట్రోక్ పోతుంది, కానీ బంతి దాటిన చోటు దగ్గరే రెండు క్లబ్ పొడవుల లోపల డ్రాప్ చేయొచ్చు (బంతిని చేత్తో వదిలి ఆడొచ్చు). ఓబీ అయితే స్ట్రోకూ పోతుంది, దూరమూ పోతుంది. మళ్లీ టీ నుంచి మూడో స్ట్రోక్ కొట్టాలి. 2019 నుంచి క్లబ్‌లు స్థానిక నియమంగా ఒక వెసులుబాటు పెట్టుకోవచ్చు. బంతి పోయిన చోటికి సమీపంలో, ఫెయిర్‌వే అంచుదాకా వచ్చి, రెండు పెనాల్టీ స్ట్రోక్‌లతో డ్రాప్ చేయవచ్చు. మీ క్లబ్‌లో అది అమల్లో ఉందో లేదో మొదటి టీకి వెళ్లేముందే అడగండి. లేకపోతే అనుమానం వచ్చిన ప్రతిసారీ ప్రొవిజనల్ బంతి (మొదటిది దొరక్కపోతే ఆడే రెండో బంతి) కొట్టి మరీ కదలండి. వెతకడానికి ఇప్పుడు మూడు నిమిషాలే, 2019కి ముందున్న ఐదు కాదు.

దీన్నిబట్టి ఎంపిక ఇలా ఉండాలి. మా ఏడో హోల్ 370 గజాలు, ఫెయిర్‌వే పాతిక గజాలే, రెండు వైపులా రఫ్ తప్ప ఏమీ లేదు. అక్కడ నేను డ్రైవరే కొడతాను. రఫ్‌లో పడ్డా హైబ్రిడ్‌తో కొట్టినదానికంటే 30 గజాలు ముందుంటాను. రఫ్ నుంచి 165 గజాలు, ఫెయిర్‌వే నుంచి 195 గజాలు అని ఎంచుకోమంటే నాకు మొదటిదే ఇష్టం. రఫ్ చీలమండల దాకా పెరిగిన రోజుల్లో మాత్రం నిర్ణయం మారుతుంది. ఐదో హోల్ చూడ్డానికి దానికంటే విశాలంగా ఉంటుంది, కానీ ఎడమ ఓబీ, కుడి చెట్లు. ఆ మధ్య ఖాళీ యాభై గజాలు. నా డ్రైవర్ షాట్లు అరవై గజాల వెడల్పులో చెదురుతాయి, హైబ్రిడ్ షాట్లు నలభైలో. అరవై ఆ యాభైలో పట్టదు, నలభై పడుతుంది. అంతకుమించి ఆలోచించాల్సిన పనిలేదు.

మీ చెదురు ఎంతో తెలుసుకోవడం ఎలా? రేంజ్‌లో దూరంగా ఒక గుర్తు చూసుకుని ఇరవై డ్రైవర్లు, ఇరవై హైబ్రిడ్‌లు కొట్టండి. ఎడమ చివర పడ్డదానికీ కుడి చివర పడ్డదానికీ మధ్య ఎన్ని గజాలో అంచనా వేయండి. మరీ ఘోరంగా పోయిన ఒకదాన్ని వదిలేయొచ్చు, మూడింటిని వదిలేయకూడదు. వచ్చిన అంకె మిమ్మల్ని నిరుత్సాహపరుస్తుంది. కోర్సు మీద మాత్రం మిమ్మల్ని కాపాడేది అదే.

ఇరుక్కున్నప్పుడు

కష్టమైన కోర్సులో బంతి ఎప్పుడో ఒకప్పుడు పొద కింద చేరుతుంది. అన్‌ప్లేయబుల్ (ఆడలేని చోట ఉంది) అని ప్రకటిస్తే ఒక పెనాల్టీ స్ట్రోక్‌తో మూడు దారులున్నాయి. ముందు కొట్టిన చోటికి తిరిగి వెళ్లడం, జెండాకీ బంతికీ గీసిన గీత మీద ఎంత వెనక్కైనా వెళ్లి డ్రాప్ చేయడం, బంతి నుంచి రెండు క్లబ్ పొడవుల్లో జెండాకి దగ్గర కాకుండా డ్రాప్ చేయడం. దాదాపు అందరూ ఆలోచించకుండా మూడోది ఎంచుకుంటారు, రెండు క్లబ్ పొడవుల తర్వాత కూడా అదే కొమ్మ అడ్డం వస్తుంది. రెండో దారిలో పదిహేను గజాలు వెనక్కి వెళ్లినా ఖాళీ చోటు దొరికితే అదే మేలు. దూరం పెరిగితే క్లబ్ మారుతుంది, స్ట్రోక్ పెరగదు.

లోతైన బంకర్‌లో నిలువు గోడకు ఆనుకుని బంతి ఉంటే నా సలహా పక్కకి కొట్టి బయటపడమని. పక్కకీ వీలుకాకపోతే 2019 నియమాల్లో ఇంకో దారి ఉంది. రెండు పెనాల్టీ స్ట్రోక్‌లు తీసుకుని బంకర్ బయట, వెనక గీత మీద డ్రాప్ చేయొచ్చు. రెండు స్ట్రోక్‌లు ఎక్కువనిపిస్తుంది. అదే బంకర్‌లో మూడుసార్లు ఇసుక తవ్విన తర్వాత ఎక్కువనిపించదు.

జెండానా, గ్రీన్ మధ్యా?

మధ్య. మామూలు ఆటగాళ్లకి నేను వేరే జవాబు చెప్పలేను. జెండా గ్రీన్ ముందు అంచున, దాని ముందు బంకర్ ఉన్నప్పుడు మరీనూ. మనలో ఎక్కువమంది గ్రీన్ తప్పేది పొట్టిగా కొట్టే. తాము ఒక్కసారి కొట్టిన అత్యంత దూరాన్ని ఆ క్లబ్ దూరంగా గుర్తుపెట్టుకోవడమే దానికి కారణం. గ్రీన్ వెనక అంచు దూరం చూసుకుని, మీ మంచి షాట్ అక్కడికి చేరే క్లబ్ తీయండి. మంచి షాట్ వెనక అంచున ఆగుతుంది, మామూలు షాట్ మధ్యలో పడుతుంది. వెనక లోయో నీళ్లో ఉన్న గ్రీన్ అయితే ఈ సూత్రం వాడకూడదు.

ఒక్క మినహాయింపు. గ్రీన్ వాలు బాగా ఉండి, నున్నగా, వేగంగా ఉన్నప్పుడు జెండాకి ఏ వైపు ఆగాలో చూసుకోవాలి. కింద నుంచి పైకి పన్నెండు అడుగుల పట్, పై నుంచి కిందికి ఆరడుగుల పట్ కంటే నాకు సుఖం. ప్రొఫెషనల్ ఆటగాళ్లు కూడా ఎనిమిది అడుగుల పట్‌లలో దాదాపు సగమే వేస్తారు. మనం దిగుడు పట్‌ను వేసేయాలని చూడటం కంటే మూడో పట్ రాకుండా చూసుకోవడం తెలివి.

గ్రీన్ పక్కన గడ్డి పొట్టిగా ఉంటే పటర్, కాకపోతే కిందగా దొర్లించే చిప్, రెండూ కుదరకపోతేనే ఎత్తుగా లేపే లాబ్ షాట్.

స్ట్రోక్ ప్లేనా, స్టేబుల్‌ఫోర్డా, మ్యాచ్ ప్లేనా?

కష్టమైన తొమ్మిదిలో ఒక్క చెడ్డ హోల్ బరువు రెట్టింపు. ఒకసారి ఐదో హోల్‌లో నేను 9 స్ట్రోక్‌లు కొట్టాను. ఒకటి ఓబీ, ఒకటి నీళ్లు, ఆపైన మూడు పట్‌లు. స్ట్రోక్ ప్లేలో (స్ట్రోక్‌లన్నీ కూడే పద్ధతి) అది 9గానే కార్డులో ఉండిపోతుంది. మిగతా నాలుగు హోల్స్ ఆ అంకెను మోస్తూ ఆడాలి. ఆ రోజు మేం ఆడింది స్టేబుల్‌ఫోర్డ్ (హోల్‌కి పాయింట్లు వేసే పద్ధతి) కావడంతో ఆ హోల్‌కి సున్నా పాయింట్లు వేసుకుని ఆరో టీకి వెళ్లాను. అసలు ఐదో హోల్‌ని అంతదాకా ఆడకుండా ముందే బంతి తీసేయొచ్చు కూడా. ఫ్రాంక్ స్టేబుల్‌ఫోర్డ్ 1932లో ఇంగ్లండ్‌లోని వాలసీ క్లబ్‌లో ఈ పద్ధతిని పోటీకి పెట్టింది మామూలు ఆటగాళ్లు ఒకటి రెండు చెడ్డ హోల్స్‌తోనే ఆశ వదులుకోకూడదనే. మీ నెట్ స్కోరు (రాయితీ స్ట్రోక్‌లు తీసేశాక వచ్చేది) బోగీ, అంటే పార్ కంటే ఒకటి ఎక్కువ, అయితే 1, పార్ అయితే 2, బర్డీ, అంటే పార్ కంటే ఒకటి తక్కువ, అయితే 3 పాయింట్లు.

హ్యాండిక్యాప్ లెక్క కూడా ఇదే దారిలో నడుస్తుంది. ఒక హోల్‌కి గరిష్ఠంగా నెట్ డబుల్ బోగీ (పార్, ఇంకో రెండు, మీ రాయితీ స్ట్రోక్‌లు కలిపి) వరకే తీసుకుంటారు. నాకు ప్రతి హోల్‌కీ ఒక స్ట్రోక్ వస్తుంది కాబట్టి ఆ 9 స్ట్రోక్‌ల హోల్ హ్యాండిక్యాప్ లెక్కలో 7 అయింది. కొత్తవాళ్లు, ఇండెక్స్ పాతిక దాటినవాళ్లు కష్టమైన కోర్సులో స్టేబుల్‌ఫోర్డే ఆడాలని నేను గట్టిగా చెబుతాను. పదిలోపు ఉన్నవాళ్లు స్ట్రోక్ ప్లే ఆడాలి. ఐదో హోల్ దగ్గర ఒత్తిడి ఎలా ఉంటుందో తెలుసుకోవాల్సింది వాళ్లే.

ఇద్దరే ఉంటే మ్యాచ్ ప్లే (ఒక్కో హోల్ ఎవరు గెలిచారని లెక్కించే పద్ధతి). ఎదుటివాడు నీళ్లలో వేశాక హైబ్రిడ్ తీయడం, వాడు జెండా పక్కన ఆపాక మీరు డ్రైవర్‌తో తెగించడం, ఇలా ప్రతి హోల్‌లో నిర్ణయం మారిపోతుంది. 

నడకా, బగ్గీనా?

శరీరం సహకరిస్తే నడవండి. తొమ్మిది హోల్స్‌కి బగ్గీ అవసరం నాకు కనిపించదు. గ్రీన్ వైపు నడుస్తూ వెళ్తేనే దాని వాలు కనిపిస్తుంది. బగ్గీలో బాట వెంట పక్క నుంచి వెళ్లేవాళ్లు గ్రీన్‌ను ముందు నుంచి చూడరు. మోకాళ్లో నడుమో బాగాలేనివాళ్లు మొహమాటపడకుండా బగ్గీ తీసుకోవాలి, అలసిపోయి ఆడేకన్నా అదే నయం. నియమం ప్రకారం బ్యాగులో 14 క్లబ్‌ల దాకా పెట్టుకోవచ్చు. నడిచేవాళ్లకి తొమ్మిదో పదో చాలు.

చివరగా తొమ్మిదో గ్రీన్ దగ్గర వచ్చే ప్రశ్న: మళ్లీ వెళ్దామా, ఇంటికా? ఆ మాట కార్డు కూడకముందే తేల్చుకోండి. స్కోరు చూశాక వెళ్లేవాళ్లు దాన్ని సరిచేయాలని వెళ్తారు. అలాంటి రెండో చుట్టులో మొదటి టీ మీదే, ఓబీ పక్కనే, డ్రైవర్ బయటికొస్తుంది. నేనైతే తొమ్మిదో పట్ పడగానే ముందు కాళ్లను అడుగుతాను, ఆ తర్వాత కార్డు అంచున రాసుకున్న తొమ్మిది మాటలు చదువుతాను. అందులో రెండు మూడైనా ఇప్పుడే మళ్లీ ప్రయత్నించాలనిపిస్తే మొదటి టీ వైపు నడుస్తాను. లేకపోతే కార్డు మడిచి జేబులో పెట్టుకుంటాను, వచ్చేసారి మొదటి టీ మీద విప్పడానికి.